20 గేజ్, 28 గేజ్: ఎనిమిది సీజన్ల వాడకం తర్వాత

టెక్సస్‌లో గువ్వలకీ పూరేళ్ళకీ, సౌత్ డకోటాలో ఫెజెంట్లకీ (కోడంత ఉండే అడవి పిట్టలు) రెండు ఓవర్-అండర్ (ఒకదాని మీద ఒకటిగా రెండు గొట్టాలుండే) తుపాకులు ఎనిమిది సీజన్లు వాడాక రాస్తున్న సమీక్ష ఇది. ఒకటి 20 గేజ్, రెండోది 28. ఏ కంపెనీది అన్నది ఇక్కడ అనవసరం, మాట్లాడేది గేజ్ గురించే. ఇండియాలో వన్యప్రాణి చట్టం వల్ల పిట్టల వేట ముగిసిన కథ కాబట్టి, ఇదంతా అమెరికాలో లైసెన్సు తీసుకుని వేటాడే తెలుగువాళ్ళ కోసం.

ముందు ఒక అపోహ వదిలించుకోవాలి. మన ఊళ్ళలో తుపాకీ అంటే 12 బోరే (బోరన్నా గేజన్నా ఒకటే). దాంతో గేజ్ సంఖ్య పెరిగేకొద్దీ దెబ్బలో పస తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. ఒక పౌను సీసంతో ఎన్ని సమానమైన గుండ్లు పోస్తే ఒక్కోటి ఆ గొట్టానికి సరిగ్గా సరిపోతుందో, ఆ సంఖ్యే గేజ్. 12 గొట్టం లోపలి వెడల్పు 18.5 మిల్లీమీటర్లు, 20ది 15.6, 28ది 14. షెల్‌లోంచి (తూటాలోంచి) బయటపడ్డ 6 నంబరు పెల్లెట్‌కి (సీసపు రవ్వకి; నంబరు పెరిగేకొద్దీ రవ్వ చిన్నది) తను ఏ గొట్టంలోంచి వచ్చిందో తెలియదు. సెకనుకి 1200 అడుగుల వేగంతో బయల్దేరితే 12లోంచి వచ్చినా 28లోంచి వచ్చినా దాని దెబ్బ ఒకటే. తేడా పెల్లెట్ల సంఖ్యలోనే.

ఆ సంఖ్య చూద్దాం. సీసం 7½ నంబరు ఔన్సుకి సుమారు 350 పెల్లెట్లు. 28 మామూలు షెల్‌లో పట్టేది ముప్పావు ఔన్సు, అంటే 260 పైచిలుకు. 20లో 7/8 ఔన్సు వేస్తే 306. 12లో 1⅛ ఔన్సు వేస్తే 394. ఇంప్రూవ్డ్ సిలిండర్ చోక్‌తో (చోక్ అంటే పెల్లెట్లు మరీ చెదరకుండా గొట్టం మూతి దగ్గర పెట్టే ఇరుకు, ఇది తక్కువ ఇరుకుది) 40 గజాల దగ్గర 30 అంగుళాల వలయంలో సగం పెల్లెట్లు పడతాయనుకుంటే, 28కి మిగిలేది 130, 12కి 197. గువ్వంత పిట్టకి 130 అంటే అంచు మీద నడకే. అదే 30 గజాల్లో అయితే 28 వలయం చక్కగా నిండి ఉంటుంది. 28 వేటకి చాలుతుందా అన్న వివాదమంతా ఈ చివరి పది గజాల గురించే.

సెప్టెంబరులో నీటిగుంట దగ్గరికి దిగే గువ్వలకి 28ని మించిన తుపాకీ కనిపించలేదు. ముప్పావు ఔన్సు, 7½ లేదా 8 నంబరు, కింది గొట్టానికి ఇంప్రూవ్డ్ సిలిండర్, పై గొట్టానికి ఇంకాస్త ఇరుకైన మోడిఫైడ్. ఎండలో నాలుగు పెట్టెల షెల్స్ కాల్చినా భుజం నొప్పి పుట్టదు. పూరేళ్ళకి ఇంకా నయం. కుక్క పాయింట్ పెట్టాక (పిట్ట జాడ చూపిస్తూ కదలకుండా నిలబడ్డాక) బాబ్‌వైట్ రకం పూరేళ్ళ గుంపు 15 గజాల్లో లేస్తుంది, 25 గజాలు దాటేలోపే కాల్పు అయిపోతుంది. అక్కడ ఇంకా వదులైన స్కీట్ చోక్ చాలు, మోడిఫైడ్ పెడితే మాంసం పాడవుతుంది.

ఫెజెంట్ దగ్గర కథ మారుతుంది. పుంజు బలమైన పిట్ట, పైగా ఎక్కువసార్లు మనకి వీపు చూపిస్తూ పారిపోతుంది. పెల్లెట్ వెనకనుంచి ఈకలూ పేగులూ దాటి గుండె దాకా చేరాలి, అందుకు 5 లేదా 6 నంబరు కావాలి. 28లో 6 నంబరు 170కి లోపే పడతాయి, 5 నంబరైతే 127 మాత్రమే. అక్టోబరులో సీజన్ తెరిచిన తొలి వారాంతాల్లో, కుక్కల ముందు దగ్గరగా లేచే పుంజుల మీద 30 గజాల లోపు 28 సరిపోతుంది. డిసెంబరులో ఎదురుగాలిలో 40 గజాల అవతల లేచే పుంజు మీద దాన్ని ఎక్కుపెట్టడం తప్పు. దెబ్బ తగిలి కూడా గడ్డిలో పరిగెత్తి దాక్కునే పుంజులు ఇలాంటి కాల్పులవల్లే పోగవుతాయి. ఆ రోజుల్లో 20లో ఔన్సు 6 నంబరు, మోడిఫైడ్ చోక్, 35 గజాలు, అంతవరకే. అది కూడా చాలదనిపిస్తే 12 తీసుకెళ్ళడంలో నామోషీ ఏమీ లేదు.

చిన్న గేజ్‌తో గురి తప్పేది పెల్లెట్లు తక్కువయ్యి కాదు, తుపాకీ తేలికయ్యి. 12 ఓవర్-అండర్ ఏడు, ఏడున్నర పౌన్లు తూగితే 28 ఆరు పౌన్ల దగ్గర ఉంటుంది. చేతికి ఇట్టే లేస్తుంది, పిట్ట మీదకి ఇట్టే వెళ్తుంది, ట్రిగ్గర్ నొక్కే క్షణంలో అంతే తేలిగ్గా ఆగిపోతుంది. స్వింగ్ (పిట్టతో పాటు తుపాకీ మూతి కదలడం) ఆగిందంటే పెల్లెట్లు పిట్ట తోక వెనక్కి పోతాయి. మందు ఒకటే: 26 అంగుళాల గొట్టాలు కొనకండి. కౌంటర్ దగ్గర ముచ్చటగా ఉంటాయి, పొలంలో ఏడిపిస్తాయి. 28 అంగుళాలు కనీసం, పొడుగు మనుషులకి 30. మూతి వైపు కాస్త బరువుంటేనే స్వింగ్ సాగుతుంది. సీజనుకి ముందు నాలుగైదు రౌండ్లు స్కీట్ (ఎగిరే మట్టి బిళ్ళల్ని కాల్చే ఆట) ఆడితే చేతికి ఆ తూకం అలవాటవుతుంది.

కొనేటప్పుడు అడగాల్సిన ఇంకో మాట, 28కి విడిగా చేసిన ఫ్రేమా (గొట్టాల్ని పట్టి ఉంచే వెనకటి లోహపు భాగం) లేక 20 ఫ్రేము మీదే 28 గొట్టాలు బిగించారా అని. రెండో రకంలో బరువు దాదాపు తగ్గదు. బయటి కొలత అదే ఉంచి లోపలి రంధ్రం చిన్నది చేస్తే గొట్టం బరువెక్కుతుంది కూడా. 20/28 రెండు జతల గొట్టాల సెట్లు ఇలాగే ఉంటాయి. అయితే ఆ బరువు చెడ్డదేం కాదు, స్వింగ్‌కి మంచిదే. తేలిక తుపాకీ అనుకుని డబ్బు పెట్టినవాళ్ళే నిరాశపడతారు.

తుపాకీ తన్ను (కాల్చినప్పుడు భుజానికి తగిలే దెబ్బ) గురించి ఇంగ్లండు తుపాకీ పనివాళ్ళ పాత లెక్కొకటి ఇప్పటికీ పనికొస్తుంది: తుపాకీ బరువు పెల్లెట్ల బరువుకి 96 రెట్లు ఉండాలి. ముప్పావు ఔన్సుకి నాలుగున్నర పౌన్లు చాలు, కాబట్టి ఆరు పౌన్ల 28 దాదాపు తన్నదు. ఔన్సుకి ఆరు పౌన్లు, అంటే ఆరుంపావు పౌన్ల 20కి ఔన్సు షెల్ హాయి. మూడంగుళాల మాగ్నమ్‌లో (ఎక్కువ పెల్లెట్లు పట్టే పొడుగు షెల్‌లో) 1¼ ఔన్సు వేస్తే ఏడున్నర పౌన్లు కావాలి, 20లో అంత బరువు ఉండదు. ఆ షెల్స్ 12 కంటే గట్టిగా తన్నుతాయి. 20ని 12లా మార్చాలని చూడటం డబ్బూ భుజమూ రెండూ దండగ.

స్టీలు సంగతి. నీటిపక్షులకి దేశమంతటా 1991 నుంచి సీసం నిషిద్ధం, కాలిఫోర్నియాలో 2019 నుంచి ఏ వేటకైనా సీసం పనికిరాదు. స్టీలు సీసం కంటే తేలిక, కాబట్టి రెండు సైజులు పెద్ద పెల్లెట్, అంటే రెండు నంబర్లు తక్కువది, వాడాలి, పెద్దదైతే చిన్న షెల్‌లో పట్టేవి తక్కువ. 28 ఇరుక్కుపోయేది ఇక్కడే. గువ్వలకి 7 నంబరు స్టీలు దగ్గర కాల్పులకి నడుస్తుంది, ఫెజెంట్‌కి మాత్రం వద్దు. బిస్మత్ సాంద్రత 9.6, సీసానికి దగ్గర, చిన్న గేజ్‌లకి అదే దారి. ధర మాత్రం గుండె గుభేలుమనిపిస్తుంది.

చోక్ మీద రాసిన పేరుని నమ్మకండి. నాలుగడుగుల కాగితం కట్టి, మీరు వేటలో వాడే షెల్‌తోనే 30 గజాల నుంచి అయిదు సార్లు, సారికో కొత్త కాగితం మీద కాల్చండి. పెల్లెట్లు చిక్కగా పడ్డచోట కేంద్రంగా 30 అంగుళాల వలయం గీయండి. అరచేయంత ఖాళీలు రెండు మూడు కాగితాల్లో మళ్ళీ మళ్ళీ కనిపిస్తే షెల్ బ్రాండు మార్చండి, ఆ తర్వాతే చోక్ సంగతి. గొట్టం సన్నబడేకొద్దీ షెల్‌కీ షెల్‌కీ తేడా ఎక్కువగా బయటపడుతుంది.

అన్నిటికంటే ముఖ్యం షెల్స్ కలిసిపోకుండా చూసుకోవడం. 12 ఛాంబర్‌లో (గొట్టం వెనక షెల్ కూర్చునే చోట) పొరపాటున 20 షెల్ వేస్తే జారి ముందుకెళ్ళి గొట్టంలో ఇరుక్కుంటుంది, ఛాంబర్ ఖాళీగా కనిపిస్తుంది. వెనక 12 షెల్ వేసి కాలిస్తే గొట్టం చీలిపోతుంది, ముందున్న చెయ్యి మిగలదు. 20 షెల్స్ పసుపు రంగులో ఉండేది అందుకే. 20లో 28 వేసినా ఇదే ప్రమాదం, పైగా 28కి అలాంటి ఖాయమైన రంగు లేదు. రెండూ ఉన్నవాళ్ళు షెల్స్ వేసుకునే వెస్టులు (చేతుల్లేని కోట్లు) రెండు వేర్వేరుగా పెట్టుకోవాలి, రోజుకి ఒక్క గేజే బండి దిగాలి. కాల్పు చప్పుడు తేడాగా అనిపిస్తే తుపాకీ మడత తెరిచి గొట్టంలోంచి వెలుగు చూడందే రెండో షెల్ వేయొద్దు.

16 గేజ్ మంచిదే, చిన్న ఊళ్ళలో షెల్స్ దొరకవు. .410ని (28 కంటే సన్న గొట్టం) పిల్లల మొదటి తుపాకీగా కొనిపెట్టడం వాళ్ళని నిరుత్సాహపరచడమే. రెండున్నర అంగుళాల షెల్‌లో అర ఔన్సుతో తగలడం చెయ్యి తిరిగినవాళ్ళకే కష్టం. పిల్లలకి ముప్పావు ఔన్సు షెల్స్‌తో 20 ఇవ్వండి. సెమీ ఆటోమేటిక్ అయితే అంత తేలిక షెల్స్‌తో కొన్ని తుపాకులు తిరిగి లోడవవు, కొనేముందు కాల్చి చూడాలి. గువ్వలకి మొత్తం మూడు షెల్స్‌కి మించి పట్టకుండా ప్లగ్ కూడా ఉండాలి. ఓవర్-అండర్‌కి ఆ బెడద లేదు.

28 షెల్స్ ధర 12 కంటే బాగా ఎక్కువ, ఆగస్టు చివరికి కొట్లలో ఖాళీ. వేసవిలోనే కొని పెట్టుకోండి. శుభ్రం చేయడానికి 28 కొలత బ్రష్ కూడా అప్పుడే కొనండి, 20 బ్రష్ దాంట్లో దూరదు. చోక్ మరల మధ్య ప్లాస్టిక్, మసి పేరుకుని బిగుసుకుపోతాయి. వంద షెల్స్‌కోసారి విప్పి, తుడిచి, పలచగా గ్రీజు రాయాలి.

హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా మీదున్నవాళ్ళకి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ షెల్స్ గానీ దగ్గర ఉంచుకునే వీలు మామూలుగా లేదు. చెల్లుబాటులో ఉన్న రాష్ట్ర వేట లైసెన్సు ఉంటే మినహాయింపు వస్తుంది. టెక్సస్ లైసెన్సుల్లో ఎక్కువభాగం ఆగస్టు 31న ముగుస్తాయి, ఉత్తర, మధ్య జోన్లలో గువ్వల సీజన్ సెప్టెంబరు 1న మొదలవుతుంది. కొత్తది ఆ రాత్రి గడవకముందే జేబులో ఉండాలి.