రెండేళ్లు, 46 వేల కిలోమీటర్లు: ఐదు స్టార్ల కారుతో మా అనుభవం

మా ఇల్లు బెంగళూరు కె.ఆర్.పురంలో, ఆఫీసు వైట్‌ఫీల్డ్‌లో, సొంత ఊరు గుత్తి పక్కన. వారంలో ఐదు రోజులు మా కారు ట్రాఫిక్‌లో ఫస్ట్ గేరు, సెకండ్ గేరు దాటదు. నెలకోసారి మాత్రం ఎన్‌హెచ్ 44 ఎక్కి బాగేపల్లి, పెనుకొండ, అనంతపురం మీదుగా ఊరికి వెళ్తుంది. అమ్మ, నాన్న, మా ఆవిడ, పాప, నేను. ఐదు సీట్లూ నిండిపోతాయి.

2023 డిసెంబర్‌లో ఈ సెడాన్ కొన్నాం. కంపెనీ పేరు రాయడం లేదు. ఇంజిన్ గురించి, మైలేజీ గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను డబ్బు పెట్టింది క్రాష్ టెస్టులో భద్రతకు వచ్చిన ఐదు స్టార్లు చూసి, కాబట్టి నా సమీక్ష కూడా ఆ స్టార్ల మీదే.

అంతకుముందు మా దగ్గర 2012 నాటి చిన్న కారు ఉండేది. ఒక్క ఎయిర్‌బ్యాగ్ కూడా లేదు. 2014 జనవరిలో కార్ల భద్రతను పరీక్షించే అంతర్జాతీయ సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు మన దేశంలో బాగా అమ్ముడయ్యే ఐదు చిన్న కార్లను తెచ్చి గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దిస్తే ఐదింటికీ సున్నా స్టార్లే వచ్చాయి. ఆ వీడియోలో స్టీరింగ్ వెనక్కి వచ్చి, డ్రైవర్ సీట్లో పెట్టిన మనిషి బొమ్మ మొహం దాని మీద పడటం చూశాను. అప్పటికి నాకు పెళ్లి కాలేదు, పెద్దగా పట్టించుకోలేదు. పాప పుట్టాక అదే వీడియో మళ్లీ చూస్తే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

షోరూంలో సేల్స్ అబ్బాయి మన తెలుగువాడే, చిత్తూరు వైపు. "సార్, ఫైవ్ స్టార్ సార్, డోర్ వేసి చూడండి, ఆ సౌండే చెబుతుంది" అన్నాడు. డోర్ సౌండుకీ క్రాష్ టెస్టుకీ సంబంధం లేదు. పైన రేకు వేలితో నొక్కితే లోపలికి పోతుందని కొందరు భయపడతారు, దానికీ స్టార్లకీ సంబంధం లేదు. మనల్ని కాపాడేది రేకు వెనక ఉండే గట్టి ఉక్కు చట్రం. ముందు భాగం నలిగిపోయి దెబ్బను మింగాలి, మనం కూర్చునే గది మాత్రం నలగకూడదు. పరీక్షలో అది కూడా చూస్తారు.

కొనేముందు నేను చేసిన మంచి పని ఒకటి: స్టార్ల దగ్గరే ఆగకుండా నివేదిక మొత్తం చదివాను. 2023 ఏప్రిల్‌లో ఫోక్స్‌వ్యాగన్ వర్టస్, స్కోడా స్లావియాలకు గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో ఐదేసి స్టార్లు వచ్చాయి, పెద్దల భద్రతలో 34కి 29.71. అదే ఏడాది అక్టోబర్‌లో హ్యుందాయ్ వెర్నాకీ ఐదు స్టార్లే, 34కి 28.18. అంకెలు చూస్తే పెద్ద తేడా లేదు. కానీ వెర్నా నివేదికలో బాడీషెల్, అంటే ఆ ఉక్కు చట్రం, 'అస్థిరం' అని రాశారు, మిగతా రెండింటికీ 'స్థిరం' అని. అస్థిరం అంటే ఆ గుద్దుడుకే చట్రం తన హద్దుకు వచ్చేసిందనీ, ఇంకా బలంగా గుద్దితే తట్టుకోలేకపోవచ్చనీ అర్థం. ఐదు స్టార్లు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా కంటికి కనపడదు. డ్రైవర్ బొమ్మకు రంగులు కూడా వేస్తారు. ఆకుపచ్చ అయితే మంచిది, పసుపు ఫరవాలేదు, అక్కడి నుంచి నారింజ, గోధుమ, ఎరుపు దాకా దిగుతుంది. నేను ముందు ఛాతీ రంగు చూశాను, తర్వాత మోకాళ్లు.

ఇప్పుడు కొనేవాళ్లకు మన సొంత భారత్ ఎన్‌క్యాప్ కూడా ఉంది. 2023 ఆగస్టు 22న ప్రకటించారు, అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అక్కడ పెద్దల మార్కులు 32కి, గ్లోబల్‌లో 34కి. కాబట్టి భారత్ ఎన్‌క్యాప్ 30నీ గ్లోబల్ ఎన్‌క్యాప్ 30నీ పక్కపక్కన పెట్టి పోల్చకండి. ఇంకో మాట: ఎదురుగా గుద్దించే పరీక్ష అంటే దాదాపు మన కారంత బరువే ఉన్న బండి ఎదురొచ్చినట్టు. చిన్న కారు ఐదు స్టార్లూ, రెండు టన్నుల బండి ఐదు స్టార్లూ రోడ్డు మీద ఒకటి కావు.

ఇక వాడకం సంగతి.

మొదటి గొడవ సీటు కవర్లతో వచ్చింది. జె.సి.రోడ్‌లో ఒక షాపులో కవర్లు వేయించుకున్నాం. వారం తర్వాత పాప సీటు బిగిద్దామని వెనక సీటు సందులో చెయ్యి పెడితే, చైల్డ్ సీటును తగిలించే ఐసోఫిక్స్ కొక్కేలు దొరకలేదు. కవరు వాటిని పూర్తిగా కప్పేసింది. ముందు సీట్ల పక్కన 'ఎయిర్‌బ్యాగ్' అని చిన్న పట్టీ ఉంటుంది, అది కూడా కవరు కిందికి వెళ్లిపోయింది. పక్క ఎయిర్‌బ్యాగ్ సీటు కుట్టు చింపుకుని బయటికి రావాలి. పైన మందపాటి తోలు కవరు ఉంటే ఎలా వస్తుంది? అదే రోజు అన్నీ పీకేయించాను. ఆరు ఎయిర్‌బ్యాగుల కోసం లక్షకు పైగా ఎక్కువ పెట్టి పై మోడల్ తీసుకుని, ఎనిమిది వేల కవర్లతో అందులో రెండింటిని మూసేశామన్నమాట.

పిల్లల స్టార్ల గురించి కాస్త వివరంగా రాయాలి, ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. పిల్లల భద్రతకు 49 మార్కులు. పరీక్షలో వెనక సీట్లో రెండు బొమ్మలు ఉంటాయి, ఒకటి 18 నెలల పిల్ల సైజు, రెండోది మూడేళ్ల పిల్ల సైజు. రెండూ చైల్డ్ సీట్లలో, బెల్టులు బిగించి ఉంటాయి. మన ఇళ్లల్లో పిల్ల అమ్మ ఒళ్లో ఉంటుంది. ఒళ్లో ఉన్న పిల్లకు ఆ 49లో ఒక్క మార్కు కూడా వర్తించదు. కారుకి ఐదు స్టార్లున్నా ఆ పిల్లకు ఉన్నది సున్నానే. మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఐదు స్టార్ల కార్లు చాలా కనిపిస్తాయి, చైల్డ్ సీటు ఉన్నవి మాత్రం నాకు మూడే కనపడ్డాయి.

మా పాపకి అలవాటు కావడానికి మూడు వారాలు పట్టింది. మొదటిసారి ఊరికి వెళ్లినప్పుడు చిక్కబళ్లాపురం దాకా ఏడ్చింది. అమ్మ మనసు ఆగలేదు. "పసిబిడ్డను అట్ల కట్టేస్తారా ఎవరైనా, నా ఒళ్లోకి ఇయ్యి రా" అంది. అమ్మ మాట కాదనడం నాకు కష్టమే, అయినా ఇవ్వలేదు. తర్వాత కథ తిరగబడింది. ఇప్పుడు పాపే తన సీట్లో కూర్చోగానే "అవ్వా, బెల్టు" అంటుంది. అమ్మ పెట్టుకునేదాకా ఊరుకోదు. నేను ఏడాది చెప్పినా "ఊపిరాడదు నాయనా, ఎనక సీట్లో నాకెందుకు" అన్న మనిషి, మనవరాలి మాటకి కిక్కురుమనకుండా పెట్టుకుంటోంది.

2025 సంక్రాంతి అయ్యాక తిరిగి వస్తున్నాం. కొడికొండ చెక్‌పోస్టు దాటాం, బాగేపల్లి ఇంకా రాలేదు. పొద్దున ఎనిమిదిన్నర. నా ముందు రోడ్డు ఖాళీ, స్పీడు తొంభై. డివైడర్ మధ్య సందులోంచి ఒక పాల వ్యాను అడ్డంగా వచ్చేసింది. బ్రేకు మీద నిలబడ్డాను. పాదం కింద పెడల్ గడగడా కొట్టుకుంది, అది చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్. స్టీరింగ్ ఎడమకు తిప్పాను. తప్పలేదు. నా వైపు ముందు మూల వెళ్లి వ్యాను వెనక చక్రం దగ్గర తగిలింది. అప్పటికి స్పీడు నలభై దగ్గర ఉండి ఉంటుంది.

ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవడం నేను చూడలేదు. నాకు కనపడింది వాలిపోయిన తెల్లటి సంచి మాత్రమే. కారంతా తెల్లటి పొడి, టపాకాయలు కాల్చినట్టు వాసన. పొగ అనుకుని, బండి అంటుకుందేమోనని కాసేపు గుండె ఆగింది. అది సంచి లోపలి పొడి అని తర్వాత తెలిసింది. నా బెల్టు ఛాతీకి అతుక్కుపోయింది, ఎంత లాగినా వదులు కాలేదు. గుద్దుకున్న క్షణంలోనే బెల్టును వెనక్కి గుంజి బిగించే పరికరం ఉంటుంది, అది చిన్న పేలుడుతో తన పని చేసింది. నాన్న కళ్లద్దాలు ఎగిరి కాళ్ల దగ్గర పడ్డాయి, ముక్కు మీద చిన్న గీత. వెనక్కి తిరిగి చూస్తే పాప సీటు పెట్టినచోటే ఉంది. పాప ఏడవడం లేదు, నా వైపే చూస్తోంది. రెండు క్షణాలకు ఏడుపు అందుకుంది. ఆ ఏడుపు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

అమ్మకు కుడి భుజం నుంచి ఎడమ నడుం దాకా బెల్టు వెడల్పున కమిలిపోయింది. మూడు వారాలు నొప్పి ఉంది, ఎముక విరగలేదు. బెల్టు లేకపోతే ఆవిడ ముందున్న సీటు నాదే. ఆ బరువంతా నా వీపు మీదికి వచ్చి, నేను బెల్టుకీ ఎయిర్‌బ్యాగ్‌కీ మధ్య నలిగేవాణ్ని. వ్యాను డ్రైవర్‌కి బెల్టు లేదు, తలకు గాయమైంది. హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేస్తే హైవే అంబులెన్స్ వచ్చింది. అతను కోలుకున్నాడు.

ఏ స్టార్లలోనూ లేని సంగతి ఒకటి ఆరోజు చూశాను. వెనక అద్దం కింది అరలో అమ్మ అరిసెల డబ్బా పెట్టింది. మూడు కిలోల స్టీలు డబ్బా. అది గాల్లో లేచి మా ఆవిడ చెవి పక్కనుంచి వచ్చి డ్యాష్‌బోర్డు స్క్రీన్‌ను పగలగొట్టింది. స్క్రీన్ మీద డబ్బా అంచు నెలవంకలా అచ్చు పడింది. అటు నాలుగు అంగుళాలు జరిగి ఉంటే ఏమయ్యేదో నేను రాయలేను. ఇప్పుడు మా కారులో నీళ్ల సీసా కూడా డిక్కీలోనే.

రిపేరుకు 40 రోజులు పట్టింది. ముందు ఎయిర్‌బ్యాగులు, ముందు బెల్టులు, వాటిని నడిపే కంట్రోల్ యూనిట్ మార్చారు. అమ్మ బెల్టు మాత్రం మార్చం అన్నారు, "బాగానే లాక్ అవుతోంది కదా సార్" అని. పట్టీ మీద వేలు పెట్టి చూస్తే ఒకచోట నేత సాగి, అంచు మెరుస్తోంది. రెండుసార్లు వెళ్లి గట్టిగా అడిగితే మార్చారు. ప్రమాదం చూసిన బెల్టును ఇంకోసారి నమ్మకూడదు. పాప సీటుకీ అంతే, పైకి గీత లేకపోయినా కొత్తది కొన్నాం. అది మా పాలసీలో రాలేదు, చేతి డబ్బే.

ఇంకా కొన్ని చెప్పాలి. పరీక్షలో పెద్దల బొమ్మలు ఉండేది ముందు సీట్లలోనే. వెనక కూర్చునే అమ్మానాన్నల సైజు బొమ్మకు మార్కులు లేవు. వెనక నుంచి గుద్దే పరీక్ష లేదు, బోల్తా పడే పరీక్ష లేదు. పరీక్ష వేగం 64, మనం హైవేలో పోయేది 100. ఆ వేగంలో గుద్దుడు శక్తి దాదాపు రెండున్నర రెట్లు. పక్కన ఆగి ఉన్న లారీ వెనక భాగం మన బంపర్ కంటే ఎత్తులో ఉంటుంది. కింద అడ్డ కమ్మీ లేని లారీ కిందికి దూరితే ముందు చట్రం పని చేయడానికి అవకాశమే ఉండదు, దెబ్బ నేరుగా అద్దానికే. అందుకే రాత్రిపూట ఎన్‌హెచ్ 44 మీద ప్రయాణం మానేశాం.

నాకు బాగా నచ్చింది మాత్రం ఈఎస్‌సీ, అంటే బండి జారితే చక్రాలకు తనే బ్రేకు వేసి సర్దే ఏర్పాటు. మొన్న ఆగస్టులో తిరుపతి వెళ్తూ మొగిలి ఘాట్‌లో వానకు మలుపులో వెనక చక్రాలు జారాయి. డ్యాష్‌బోర్డులో జారే కారు బొమ్మ పసుపుగా రెండుసార్లు మెరిసింది, బండి దానంతటదే సర్దుకుంది. వెనక ఎవరికీ తెలియలేదు. 2022 నుంచి గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో ఇది లేకుండా ఐదు స్టార్లు రావు. నా లెక్కలో ఆ నిబంధన ఒక్కటే సగం స్టార్ల విలువ చేస్తుంది.

బెల్టు పెట్టకుండానే అలారం ఆపడానికి ఉత్తి క్లిప్పులు అమ్ముతుంటారు. 2023 మేలో కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల రక్షణ సంస్థ ఐదు పెద్ద ఈ-కామర్స్ కంపెనీలకు అవి తీసేయమని ఆదేశాలిచ్చింది. అయినా మా ఆఫీసు క్యాబ్‌లో పోయిన వారమే ఒకటి చూశాను. డ్రైవరన్నతో మాట్లాడి అది తీయించి, మా ప్రమాదం ఫొటోలు చూపించాను.

మా బావమరిది వచ్చే నెల కారు కొంటున్నాడు, మారతహళ్లిలో ఉంటాడు. వాళ్ల బాబుకి ఏడాదిన్నర. రెండు కార్ల దగ్గర ఆగిపోయాడు, రెండూ ఐదు స్టార్లే. శనివారం ఇద్దరం షోరూంకి వెళ్తున్నాం. మా పాప చైల్డ్ సీటు కూడా పట్టుకెళ్తున్నాం, రెండింటిలోనూ వెనక బిగించి, పక్కన వాళ్లమ్మ కూర్చుని బెల్టు పెట్టుకోగలదో లేదో చూడటానికి.