రిషికేశ్‌లో రాఫ్టింగ్: ఏ నెలలో, ఎక్కడి నుంచి, ఎక్కడ బస

రిషికేశ్ రాఫ్టింగ్ అనగానే వాట్సాప్ గ్రూపులో మొదలయ్యే వాదన ఒకటే: 16 కిలోమీటర్లా, 26 కిలోమీటర్లా? ముందు తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి. వెళ్లేది ఏ నెలలో, బృందంలో నీళ్లంటే అందరికన్నా ఎక్కువ భయపడేది ఎవరు. ఈ రెండూ తెలిస్తే దూరం సంగతి దానంతటదే తేలిపోతుంది.

దేవప్రయాగ దగ్గర భాగీరథి, అలకనంద కలిసి గంగ అవుతాయి. భాగీరథి మీద టిహరి డ్యామ్ ఉంది కాబట్టి వదిలే నీటిని బట్టి దిగువన మట్టం మారుతుంటుంది. అలకనంద మంచు కరిగే కొద్దీ పెరుగుతుంది. జూలై, ఆగస్టుల్లో వరద వల్ల రాఫ్టింగ్ పూర్తిగా ఆపేస్తారు. సెప్టెంబరు రెండో సగంలో మట్టం చూసుకుని మళ్లీ మొదలుపెడతారు. మొదటిసారి వెళ్లేవాళ్లకు అక్టోబరు, నవంబరు, లేదా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు బాగుంటుంది. మే, జూన్‌లలో నీళ్లు ఎక్కువ, వడి ఎక్కువ. పడవలోంచి పడ్డవాళ్లు చాలా దూరం కొట్టుకుపోయాక గాని చేతికి అందరు. పైగా ఎండాకాలమే కదా అని తేలిగ్గా తీసుకుంటారు. ఆ నీళ్లు మంచు కరిగి వచ్చినవి, మే నెలలోనూ చల్లగానే ఉంటాయి. హఠాత్తుగా పడితే ఊపిరి ఎగబీలుస్తుంది, ఆ క్షణంలో నోరు నీళ్లలో ఉంటే మింగేస్తారు. డిసెంబరు, జనవరిలలో వెట్‌సూట్ (చల్లటి నీళ్లలో ఒంటిని వెచ్చగా ఉంచే బిగుతు దుస్తులు) ఇవ్వని వాళ్ల దగ్గర బుక్ చేయకండి.

ఇక ఎక్కడి నుంచి దిగాలి. రిషికేశ్ దాకా బ్రహ్మపురి నుంచి సుమారు 9 కిలోమీటర్లు, శివపురి నుంచి 16, మెరీన్ డ్రైవ్ నుంచి 24 నుంచి 26, కౌడియాలా నుంచి 36. శివపురి నుంచి వస్తే రోలర్ కోస్టర్, గోల్ఫ్ కోర్స్, క్లబ్ హౌస్, డబుల్ ట్రబుల్ లాంటి పేరున్న ర్యాపిడ్‌లు, అంటే నీళ్లు వడిగా ఎగసిపడే చోట్లు, తగులుతాయి. ర్యాపిడ్‌ల తీవ్రతను 1 నుంచి 6 దాకా గ్రేడ్‌లలో చెబుతారు; ఇవి గ్రేడ్ 3కు అటూ ఇటూ, మట్టం పెరిగితే ఒకటి రెండు 4 దాకా వెళ్తాయి. కొత్తవాళ్లకు ఇది చాలు. ఈత రాని పెద్దవాళ్లుంటే బ్రహ్మపురి. మెరీన్ డ్రైవ్ నుంచి దిగితే బ్లాక్ మనీ, క్రాస్‌ఫైర్, త్రీ బ్లైండ్ మైస్ అదనం. వీటిలో మూడోది మూడు అలల దెబ్బలు వెంటవెంటనే కొడుతుంది. మొదటి దెబ్బకు తెడ్డు వేయడం ఆపేసిన బృందం మూడోదానికి అడ్డం తిరిగి ఉంటుంది. కౌడియాలా వైపున్న ‘ది వాల్’ వేరే సంగతి. నది కుడిఎడమలు ఇరుకై నీళ్లు రాతి గోడకేసి కొట్టుకునే చోటు అది. మట్టం ఎక్కువున్న రోజుల్లో మంచి గైడ్ అక్కడ జనాన్ని దింపి ఒడ్డున నడిపిస్తాడు. డబ్బులు కట్టాం కదా అని ఆయనతో గొడవ పెట్టుకోవద్దు. తెడ్డు వేసిన అనుభవం లేనివాళ్లు 36 కిలోమీటర్లు తీసుకుంటే చివరి పది కిలోమీటర్లు చేతులు లేవక గైడ్ మీద భారంగా కూర్చుంటారు.

ప్యాకేజీల్లో జరిగే మోసం ఎక్కువగా ఇక్కడే. ‘16 కిలోమీటర్ల రాఫ్టింగ్, క్యాంప్, భోజనం’ అని అమ్మి, ఆదివారం రద్దీ పేరు చెప్పి బ్రహ్మపురి నుంచే మొదలుపెట్టిస్తారు. కాబట్టి కిలోమీటర్లు కాకుండా పడవ మొదలయ్యే రేవు పేరు మెసేజ్‌లో రాయించుకోండి. రాఫ్ట్ నడిపేది క్యాంప్ వాళ్లేనా, ఇంకొకరికి అప్పగిస్తారా అని కూడా అడగండి. 14 ఏళ్ల లోపు పిల్లలను తీసుకోరు. ‘పర్లేదు, చూసుకుంటాం’ అనేవాడు మిగతా నిబంధనలనూ అలాగే చూసుకుంటాడు.

ఒడ్డున నిలబడి పరీక్షించాల్సినవి నాలుగు నిమిషాల పని. లైఫ్ జాకెట్ బకిళ్లన్నీ బిగించాక పక్కవాణ్ణి భుజాల పట్టీలు పట్టి పైకి గుంజమనండి. జాకెట్ చెవుల దాకా లేస్తే అది నీళ్లలో మీ మొహం మీదికే వస్తుంది. ఇంకో సైజు అడగండి. హెల్మెట్ నుదురు కప్పాలి, అటూ ఇటూ ఊగకూడదు. పడవలో పడ్డవాళ్లకు విసిరే తాడున్న సంచి ఒకటి, వెంట సేఫ్టీ కయాక్ (పడ్డవాళ్లను అందుకునే చిన్న పడవ) ఉండాలి. మామూలు రాఫ్ట్‌లో గైడ్ కాక ఎనిమిది మందికి మించి ఎక్కిస్తుంటే దిగిపోండి. వీడియో తీసి అమ్మడం గైడ్‌లకు పక్క ఆదాయం, దాని ధర ముందే మాట్లాడుకోవాలి. కెమెరా హెల్మెట్‌కి ఉంటే సరే. ర్యాపిడ్‌లో కెమెరా కర్ర చేత్తో పట్టుకునే గైడ్ మాత్రం వద్దు, ఆ చేయి తెడ్డు మీద ఉండాలి.

గైడ్ చెప్పే సూచనలు అన్నీ హిందీ, ఇంగ్లిష్‌లలోనే ఉంటాయి. అమ్మానాన్నలకు ముందే తెలుగులో చెప్పి ఉంచండి: ‘ఫార్వర్డ్’ అంటే ముందుకు వంగి తెడ్డు వేయాలి, ‘బ్యాక్’ అంటే వెనక్కి తోయాలి, ‘స్టాప్’ అంటే తెడ్డు ఎత్తాలి, ‘గెట్ డౌన్’ అంటే పడవ లోపలికి జారి కూర్చోవాలి. తెడ్డు పైన ఉన్న అడ్డపిడిని ఎప్పుడూ వదలకూడదు. పడవలో మూతులూ పళ్లూ పగలడానికి అలలకంటే పక్కవాడి అడ్డపిడే ఎక్కువ కారణం. కాలిని ముందున్న గాలి గొట్టం కింద ఇరికించి కూర్చుంటేనే నిలకడ. పడితే వెల్లకిలా తేలుతూ, కాళ్లు దిగువ వైపు పెట్టి, బొటనవేళ్లు నీటి పైన కనబడేలా ఉంచాలి. లోతు తక్కువగా ఉందని నిలబడే ప్రయత్నం అసలు చేయకూడదు: పాదం రాళ్ల సందులో ఇరుక్కుంటే వెనక నుంచి నీళ్లు మనిషిని ముందుకు వంచి ముంచేస్తాయి. తాడు విసిరితే సంచిని కాదు, తాడునే పట్టుకుని భుజం మీదుగా తీసుకోవాలి, చేతికి చుట్టుకోకూడదు. పడవ బోల్తాపడి దాని కింద ఉండిపోతే చేతులతో పైన తడుముకుంటూ ఒకే దిక్కుగా జరగండి, నాలుగు అడుగుల్లో బయటికొస్తారు.

బట్టల్లో జీన్స్, కాటన్ వద్దు. నైలాన్ షార్ట్స్, త్వరగా ఆరే టీషర్ట్ మేలు. చున్నీ, చీర పడవలో ప్రమాదమే. పట్టీలు, గాజులు, ఉంగరాలు బసలోనే వదిలేయాలి. పుస్తెల తాడు తీయని వాళ్లు జాకెట్ లోపల, బట్టకు పిన్నుతో బిగించుకోవాలి. వెనక పట్టీ ఉన్న చెప్పులే వేసుకోవాలి, హవాయి చెప్పులు మొదటి ర్యాపిడ్‌కే కొట్టుకుపోతాయి. కళ్లద్దాలకు తాడు కట్టండి. సన్‌స్క్రీన్ నుదుటికి రాస్తే కారి కళ్లల్లో పడుతుంది, తొడల వెనక రాస్తే కూర్చున్న చోట జారుతుంది. భుజం ఒకసారి జారినవాళ్లు, గుండె జబ్బు, మూర్ఛ ఉన్నవాళ్లు, గర్భిణులు ఒడ్డునే ఉండాలి.

హైదరాబాద్ నుంచి డెహ్రాడూన్‌కు విమానం తీసుకుంటే జాలీ గ్రాంట్ విమానాశ్రయం నుంచి రిషికేశ్ సుమారు 20 కిలోమీటర్లే. ఢిల్లీ నుంచి రోడ్డు మీద అయితే 240 కిలోమీటర్లు, శుక్రవారం రాత్రి అయితే ట్రాఫిక్ చెప్పనక్కర్లేదు. మంగళ, బుధ, గురువారాల్లో పొద్దున్నే మొదటి బ్యాచ్ పట్టుకోండి. మధ్యాహ్నం దాటితే లోయలో ఎదురుగాలి లేస్తుంది, ప్రశాంతంగా ఉండాల్సిన చోట తెడ్డు వేసి అలసిపోతారు.

బసకు రిషికేశ్ పక్కనే ఉన్న తపోవన్ అయితే రాఫ్టింగ్ ఆఫీసులన్నీ నడక దూరంలో ఉంటాయి, కానీ వారాంతంలో హారన్ల మోతకు నిద్ర పట్టదు. శివపురి వైపు క్యాంపుల్లో భోజనంతో కలిపి ఇస్తారు. ఫోటోల్లో కనిపించే గంగ ఒడ్డు ఇసుక మీది గుడారాలను నమ్మకండి, 2015లో ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) వాటిని ఆపేసింది. ఇప్పుడున్నవి చాలావరకు రోడ్డు పైన కొండవాలులో, వాగుల పక్కన ఉంటాయి. మే మధ్యాహ్నం ఆ గుడారాల్లో ఉండలేం, డిసెంబరు రాత్రి రజాయి రెండోది అడగాలి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు టీటీడీ ఆంధ్ర ఆశ్రమం ఉంది, వెంకటేశ్వరస్వామి గుడి అక్కడే. రిషికేశ్ ఊళ్లో మాంసం, మద్యం అమ్మకం నిషేధం.

అంత దూరం, అంత చలి వద్దనుకుంటే కర్ణాటకలో దాండేలి దగ్గర కాళీ నది, మహారాష్ట్రలో కోలాడ్ దగ్గర కుండలిక నది ఉన్నాయి. రెండూ గ్రేడ్ 2, 3, నీళ్లు వెచ్చన, రెండూ డ్యామ్ వదిలే నీళ్ల మీదే నడుస్తాయి. కొడగులో బరపోళే నది వానాకాలంలోనే, కొంచెం కఠినం. దాండేలిలో ‘మినీ రాఫ్టింగ్’ పేరుతో కిలోమీటరు దూరం తిప్పి దించేస్తారు. సుపా డ్యామ్ నుంచి ఆ రోజు నీళ్లు వదులుతున్నారా అని అడిగాకే అడ్వాన్స్ కట్టండి.