మస్సెల్ పరుపులను కొలిచే మడత చట్రం: పనితనం మెచ్చదగినది, సూచనల కార్డు మార్చదగినది

రాతి తీరాల్లో మస్సెల్ జాతి ఆల్చిప్పలు రాయి కనిపించనంత దట్టంగా, పరుపు పరిచినట్టు కమ్ముకుని బతుకుతాయి. ఆ పరుపులను లెక్కగట్టేందుకు తయారైన ఒక మడత చట్రాన్ని పలుమార్లు, సముద్రం వెనక్కి తగ్గిన ఆటు వేళల్లో వాడి చూసిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. ఒక్కో పక్క 50 సెంటీమీటర్లుండే ఈ ప్లాస్టిక్ గొట్టాల చతురస్రంలో అడ్డంగా తొమ్మిది, నిలువుగా తొమ్మిది తాళ్ళు కట్టి 100 గళ్ళు చేశారు. దానితోపాటు నీటిలో తడిసినా చెడని సూచనల కార్డు ఒకటి వస్తుంది.

చట్రం గట్టిది. గొట్టాలకున్న రంధ్రాల గుండా నీరు లోపలికి చేరుతుంది కనుక రాతి మడుగుల్లో పెట్టినా తేలిపోదు, ఉప్పునీటిలో నానినా తాళ్ళు సాగలేదు. మూలల కీళ్ళలో ఇసుక చేరితే మాత్రం బిగుసుకుపోతాయి, ప్రతిసారీ మంచినీటితో కడగవలసిందే. తాళ్ళు ఒకదానినొకటి దాటే 81 చోట్ల కింద ఏమున్నదో రాసుకుంటే, రాతిపై ఏ జీవి ఎంత మేర కమ్ముకున్నదో త్వరగా తేలుతుంది.

నా అభ్యంతరమంతా కార్డు మీదనే. పైకి కనిపించే చిప్పలను లెక్కిస్తే పరుపులోని జీవుల సంఖ్య వస్తుందని అది చెబుతుంది. కానీ ముదిరిన పరుపులో మస్సెల్‌లు ఒకదానిపై ఒకటి పొరలుగా ఉంటాయి. అవి తమ పాదంతో స్రవించే బిస్సస్ దారాలు రాతికీ, పక్క చిప్పలకూ అల్లుకుని, ఎండా కెరటాల దెబ్బా తగలని తేమ గదులను ఏర్పరుస్తాయి. చిన్న పీతలు, పురుగులు, నత్తలు ఆ గదుల్లోనే తలదాచుకుంటాయి. కాలిఫోర్నియా మస్సెల్ పరుపుల్లో 300కు పైగా జాతులు నమోదయ్యాయంటే, చట్రం చూపేది ఇంటి పైకప్పును మాత్రమేనని గుర్తుంచుకోవాలి.

అంతకంటే పెద్ద పొరపాటు, ఖాళీ గళ్ళన్నిటినీ ‘నష్టం’ అన్న ఒకే పద్దులో వేయమనడం. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, మకా అఖాతపు రాతి తీరంలో జీవావరణ శాస్త్రవేత్త రాబర్ట్ పెయిన్ 1963 నుంచి ఒక భాగంలో ఊదారంగు సముద్ర నక్షత్రాలను తొలగిస్తూ వచ్చారు. తమను తినే ఆ నక్షత్రాలు లేకపోవడంతో మస్సెల్‌లు కిందికి పాకి చోటంతా ఆక్రమించాయి, 15 జాతులున్న సమూహం 8కి పడిపోయిందని ఆయన 1966లో ప్రకటించారు. అంటే చెక్కుచెదరని నిండు పరుపు ఎప్పుడూ ఆరోగ్యానికి గుర్తు కాదు. తుఫాను కెరటాలు, కొట్టుకొచ్చే దుంగలు పరుపును చీల్చిన చోట బార్నకిల్‌లకు (రాతికి అతుక్కుని బతికే గట్టి పెంకు జీవులకు), లింపెట్‌లకు (గొడుగు ఆకారపు చిప్ప ఉన్న నత్తలకు) చోటు దొరుకుతుంది. సీ పామ్ అనే ఏకవార్షిక సముద్రపు నాచు ఇలాంటి ఖాళీల్లోనే మొలిచి నిలబడుతుంది. ఖాళీ చిన్నదైతే చుట్టూ ఉన్న మస్సెల్‌లే లోపలికి ఒరిగి పూడుస్తాయి, పెద్దదైతే నీటిలో తేలివచ్చే మస్సెల్ డింభకాలు (లార్వాలు) కుదురుకునే దాకా ఏళ్ళు పట్టవచ్చు.

అలాగని ప్రతి ఖాళీ మంచిదనడం లేదు. పరుపు పై అంచును సాధారణంగా ఎండ, వేడి నిర్ణయిస్తాయి, కింది అంచును వేటాడే జీవులు నిర్ణయిస్తాయి. 2021 జూన్‌లో ఉత్తర అమెరికా పసిఫిక్ తీరాన్ని కమ్మిన వడగాడ్పులకు మస్సెల్‌లు గుంపులు గుంపులుగా చనిపోయాయి. అలా చనిపోయినవి నోళ్ళు తెరుచుకుని కొంతకాలం రాతికి అంటుకునే ఉంటాయి, కార్డు ప్రకారం లెక్కిస్తే అవి బతికున్న వాటిలో కలిసిపోతాయి. కాబట్టి గడి ఖాళీ అని రాసుకోవడం చాలదు. అది ఏ ఎత్తులో ఉన్నదో, అక్కడ ఉన్నది నగ్న శిలయో, తెరుచుకున్న చిప్పలో, బార్నకిల్‌లో కూడా రాసుకోవాలి.

చట్రాన్ని నిస్సందేహంగా కొనుక్కోవచ్చు. కార్డును పక్కన పెట్టి, ఎత్తు, ఖాళీ రకం, ఖాళీ అంచు నుంచి అంచుకు దూరం అనే మూడు నిలువు వరుసలతో సొంత పట్టిక గీసుకోవాలి. రాతి మీద చట్రపు మూలలు పెట్టే చోటును కూడా చెదరని గుర్తుతో నమోదు చేసుకుంటే, వచ్చే ఏడాది అదే ఖాళీ దగ్గరికి తిరిగి వెళ్ళి అది పూడుతున్నదో, పెరుగుతున్నదో చూడవచ్చు.