జేసీ రోడ్డులో గేర్ ఆయిల్ కొంటున్నారా, జాగ్రత్త: నన్ను ముంచింది మన తెలుగువాడే

బెంగళూరులో ఉంటూ బండి పనులు సొంతంగా చేసుకునేవాళ్ళ కోసం రాస్తున్నా. కోపం ఇంకా చల్లారలేదు, ఎక్కడైనా మాట జారితే ఏమనుకోకండి. బండి విడిభాగాల షాపులుండే జేసీ రోడ్డుకి తరచూ వెళ్ళేవాళ్ళకి ఆ షాపు ఏదో నేను చెప్పక్కర్లేదు. ముందు టీ తెప్పిస్తాడు, తర్వాత "మనది ఏ ఊరన్నా" అని అడుగుతాడు. అతనే.

సంగతేంటంటే, నాన్న 2009లో కొన్న ఇన్నోవా ఇప్పుడు నా దగ్గరుంది. వెనక డిఫరెన్షియల్‌లో, అంటే ఇంజిన్ బలాన్ని వెనక చక్రాలకి పంచే పళ్ళచక్రాల డబ్బాలో, ఆయిల్ (మెకానిక్‌లు క్రౌన్ ఆయిల్ అంటారు చూడండి, అదే) మార్చి చాలా ఏళ్ళయింది. పోయిన నెల ఒంగోలు వెళ్ళొచ్చినప్పుడు హైవే మీద వెనక నుంచి సన్నగా ఊళ వేస్తున్నట్టు చప్పుడు. సర్వీస్ సెంటర్‌లో అడిగితే ఆయిల్ మార్పుతో పాటు ఇంకో పది పనులు చేర్చి చేంతాడంత లిస్టు చేతిలో పెట్టారు. రెండు బోల్టులు విప్పి, పాతది కార్చి, కొత్తది పోయడమే కదా, ఆదివారం నేనే చేసుకుంటా అనుకున్నా. ఆ అనుకోవడంలో తప్పు లేదు, ఇప్పటికీ అదే మాట. తప్పంతా శనివారం చేశా.

శనివారం జేసీ రోడ్డుకి వెళ్ళి, జీఎల్-5 గ్రేడ్ (గట్టి ఒత్తిడి పడే గేర్లకి వాడే రకం), 80డబ్ల్యూ-90 (ఇది చిక్కదనం కొలత) గేర్ ఆయిల్ మూడు లీటర్లు కావాలని వచ్చీరాని కన్నడలో అడిగా. నా యాస వినగానే అతని మొహం వెలిగిపోయింది. "తెలుగేనా అన్నా? మాది మదనపల్లె" అన్నాడు. స్టూలు వేశాడు, టీ తెప్పించాడు. డబ్బా మీద ఎమ్మార్పీ 520 ఉంటే, "ఊరోళ్ళం మనం, నీ దగ్గర లాభం చూసుకుంటానా అన్నా, 380 ఇయ్యి చాలు" అన్నాడు. మూడు డబ్బాలకి 1,140. బిల్లు అడిగితే, "బిల్లయితే జీఎస్టీ పడ్తాదన్నా, ఎందుకు దండగ" అన్నాడు. ఎమ్మార్పీలోనే పన్నులన్నీ కలిసి ఉంటాయని నాకు తెలియదా? తెలుసు. డబ్బా మీద రాసే ఉంటుంది. కానీ పరాయి ఊళ్ళో ఒకడు తెలుగులో "అన్నా" అనేసరికి నా బుర్ర సెలవు పెట్టి వెళ్ళిపోయింది. యూపీఐలో డబ్బు పంపితే షాపు పేరు బదులు ఎవరో మనిషి పేరొచ్చింది. అప్పుడైనా తెలివి రావాలి కదా, రాలేదు. పైగా ఇంటికొచ్చి మా ఆవిడ దగ్గర గొప్పలు: "చూశావా, మనవాడు కాబట్టి లీటరుకి 140 తగ్గించాడు!"

ఆదివారం పొద్దున అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లో పని మొదలుపెట్టా. ఆయిల్ వేడెక్కితే త్వరగా కారుతుందని ముందు కుందలహళ్ళి చుట్టూ పావుగంట తిప్పుకొచ్చా. ఇన్నోవా ఎత్తు బండి, సన్నగా ఉన్నవాళ్ళు జాకీ ఎత్తకుండానే కిందకి దూరొచ్చు. నేను సన్నగా లేను, అయినా దూరా. బండి సమంగా ఉంటేనే ఆయిల్ లెవెల్ సరిగ్గా తెలుస్తుందని జాకీ జోలికి పోలేదు. పైన ఆయిల్ పోసే బోల్టు ముందు విప్పి, అది ఊడొచ్చిందని తేలాకే కింద కార్చే బోల్టు మీద పానా పెట్టా. కిందది ముందు విప్పి, పైది బిగుసుకుపోయి రాకపోతే ఆయిల్ లేని బండితో రోడ్డున పడతాం. ఇదొక్కటీ తెలివిగా చేశాను, నాకు నేనే భుజం తట్టుకోనివ్వండి.

పాత ఆయిల్ నల్లగా, చిక్కగా దిగింది. కింద బోల్టుకి ఉండే అయస్కాంతానికి మెత్తటి ముద్ద పట్టి ఉంది, వేలితో తీస్తే కాటుకలా వచ్చింది. ఆ ముద్ద మామూలే. ఇనప ముక్కలు, పెచ్చులు ఉంటే భయపడాలి, అవేం లేవు. హమ్మయ్య అనుకుని అంతా తుడిచి, కొత్త వాషర్ వేసి బిగించి, మొదటి డబ్బా చేతి పంపుతో ఎక్కించా.

రెండో డబ్బా మూత తీసి చూద్దును కదా, రంగే వేరు. మొదటిది తేనె రంగులో ఉంది, ఇదేమో కషాయంలా ఉంది. డబ్బాలు పక్కపక్కన పెట్టి చూస్తే రెండిటి మీదా ఒకటే కంపెనీ, ఒకటే గ్రేడ్, ఒకటే బ్యాచ్ నంబర్. ముక్కు దగ్గర పెట్టుకున్నా. జీఎల్-5 ఆయిల్‌కి ఒక దరిద్రపు వాసన ఉంటుంది, గంధకం కంపు, ఒకసారి చేతికంటితే రెండు రోజులు వదలదు. దీనికి ఆ కంపు లేదు. కంపు కొట్టడం లేదని జీవితంలో మొదటిసారి ఏడుపొచ్చింది.

అప్పుడు కనబడింది, రెండో డబ్బా లేబుల్ మూల కొద్దిగా లేచి ఉంది. నూనె చేతులతోనే గోరుతో గీకి లాగితే జిగురు తీగలు సాగుతూ ఊడొచ్చింది. దాని కింద ఇంకో లేబుల్! వేరే కంపెనీది, మోటార్ సైకిళ్ళ ఇంజిన్ ఆయిల్‌ది. మూత కింద రేకు సీలు మళ్ళీ ఎవరో ఇస్త్రీపెట్టెతో అంటించినట్టు ముడతలు ముడతలుగా ఉంది. అదే రేకుని మొదటి డబ్బాకి చూడకుండా చించి పారేసింది నేనే.

ఏ నూనె అయితే ఏంటి, తిరగడానికే కదా అంటారేమో. కాదండీ. డిఫరెన్షియల్‌లో పినియన్ అనే చిన్న పళ్ళచక్రం క్రౌన్ అనే పెద్ద పళ్ళచక్రం నడిమధ్యకి ఎదురుగా కాక కాస్త కిందుగా కలుస్తుంది, దాన్ని హైపాయిడ్ అంటారు. పళ్ళు ఒకదాని మీద ఒకటి దొర్లడంతో పాటు గట్టి ఒత్తిడిలో జారుతూ రాసుకుంటాయి. ఆ ఒత్తిడికి నూనె పొర నిలవదు. జీఎల్-5లో కలిపే గంధకం, ఫాస్ఫరస్ మందులు ఇనుము మీద పొరలా ఏర్పడి పళ్ళని కాపాడతాయి. అవి లేని నూనె పోస్తే పళ్ళు అరిగి, చప్పుడు మొదలై, చివరికి క్రౌన్ పినియన్ సెట్టే మార్చాల్సి వస్తుంది. ఆ రేటు అడిగితే 380 లీటరు ఎంత చవకో తెలుస్తుంది.

ఇక ఆదివారం ఏ షాపు తీసి ఉంటుంది? పోసిన లీటరూ మళ్ళీ కార్చా. బండి ఆయిల్ లేకుండా అక్కడే. నేల మీద చుక్కలు చూసి అసోసియేషన్ సెక్రటరీగారు గంటసేపు క్లాసు. పాత ఆయిల్ పట్టడానికి మా ఆవిడ పిండి కలిపే బేసిన్ తీసుకెళ్ళిన సంగతి కూడా అప్పుడే బయటపడింది. దాని గురించి రాయను.

సోమవారం సగం రోజు సెలవు పెట్టి, మెట్రోలో కేఆర్ మార్కెట్ స్టేషన్ దాకా వెళ్ళి, డబ్బాల సంచీతో షాపు మెట్లెక్కా. అతనే కౌంటర్ దగ్గర ఉన్నాడు. "శనివారం మీ దగ్గర తీసుకున్న ఆయిల్ అన్నా, ఇది నకిలీది" అన్నా. తలెత్తి నా మొహం చూశాడు, సంచీ చూశాడు. చూసి ఏమన్నాడో తెలుసా?

"తెలుగు బరల్ల. కన్నడ మాతాడి."

తెలుగు రాదట! కన్నడలో మాట్లాడమంటున్నాడు! రెండు రోజుల క్రితం మదనపల్లె టమాటా మార్కెట్ గురించి పది నిమిషాలు కబుర్లు చెప్పిన మనిషి! పొరపాటున వేరే షాపుకి వచ్చానా అని ఒక్క క్షణం బోర్డు వైపు చూసుకున్నా కూడా. సరే, నా వంకర కన్నడలోనే "నిమ్మ హత్రనే తగొండె" అన్నా, మీ దగ్గరే కొన్నాను అని. "బిల్ తోర్సి" అన్నాడు. బిల్లు చూపించాలట. బిల్లు దండగన్న నోటితోనే. యూపీఐ మెసేజ్ చూపిస్తే, ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరన్నాడు. పనిచేసే కుర్రాడు నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు.

ఇక్కడే అసలు సంగతి. సరిగ్గా అప్పుడే అతని ఫోన్ మోగింది. నా కళ్ళలోకి చూస్తూనే ఎత్తి, "ఆ మామా, చెప్పు. తిన్నావా? నేనింకా తిన్లా, ఈడ ఎవురో వచ్చి తల తింటా ఉండారు" అన్నాడు. తెలుగులో! నా ముందే! కొంచెం సిగ్గుపడినా, కనీసం వెనక్కి తిరిగి మాట్లాడినా నాకింత మండేది కాదు. ఫోన్ పెట్టేసి, నేను ఇంకా అక్కడే ఉన్నానని చూసి, ఈసారి నింపాదిగా "సీలు విప్పిన డబ్బా ఎవురు తీసుకుంటారు అన్నా, నువ్వే చెప్పు" అన్నాడు. తెలుగు మళ్ళీ వచ్చేసింది, "అన్నా" కూడా తిరిగొచ్చింది. లేబుల్ కింద లేబుల్ చూపిస్తే, "అది నువ్వే అంటించుకోని వచ్చింటావు" అన్నాడు.

నేనేం చేశానంటారా? ఏమీ చెయ్యలేదు. గొంతు పూడుకుపోయి, చెవులు వేడెక్కి, సంచీ పట్టుకుని మెట్లు దిగొచ్చేశా. చెప్పాల్సిన మాటలన్నీ మెట్రోలో గుర్తొచ్చాయి, మెజెస్టిక్ వచ్చేలోపు మనసులో పది రకాలుగా తిట్టా. ఇంకో విషయం, ఇది కన్నడవాళ్ళ మీద పోస్టు కాదు. ఆ పక్క షాపు కన్నడ పెద్దాయన నా మొహం చూసి, అడక్కుండానే మంచినీళ్ళ బాటిల్ అందించి, "బిల్లు లేకుండా ఇక్కడ నట్టు కూడా కొనకండి" అన్నాడు. శనివారం ఆయన దగ్గరికి వెళ్ళాల్సింది. యాస కలవదని వెళ్ళలేదు.

అదే రోజు బండి కంపెనీ విడిభాగాల కౌంటర్‌లో బిల్లు పెట్టి మూడు లీటర్లు మళ్ళీ కొన్నా. రాత్రి పోశా, పైబోల్టు రంధ్రం అంచు నుంచి సన్నగా కారేదాకా. కంపు బ్రహ్మాండంగా ఉంది.

సలహా అంటే ఏముంది. పాతది కార్చకముందే కొత్త డబ్బాలు అన్నీ విప్పి వాసన, రంగు చూడండి, లేబుల్ మూలలు గీకండి. బిల్లు తీసుకోండి. బిల్లు ఇవ్వకపోవడం కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పేనని మా ఆఫీసులో ఒకాయన చెప్పాకే తెలిసింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టా, యూపీఐ మెసేజ్, డబ్బాల ఫొటోలు రెడీగా పెట్టుకున్నా. పాత ఆయిల్ మోరీలో పోయకండి, నేనైతే తెలిసిన గ్యారేజీ డ్రమ్ములో పోసి వచ్చా.

మూడో డబ్బా సీలు విప్పకుండా అలాగే దాచా. దాని లేబుల్ మూల కూడా లేస్తోంది. కింద ఏముందో నేనింకా చూడలేదు, ఫిర్యాదు తేలేదాకా చూడను.