ఏది మేలు? అందరి ఫోన్ డేటా దాచడమా, అనుమానం వచ్చాక ఆపించడమా: జర్మనీలో మూడు దారులు

క్రైమ్ వార్తలు చదివే తెలుగువాళ్లకు 'సీడీఆర్ (ఒక నంబరు కాల్ వివరాల రికార్డు) తీశారు', 'టవర్ డంప్ (ఒక టవర్ కింద ఉన్న ఫోన్లన్నిటి జాబితా) తెప్పించారు' అన్న మాటలు కొత్త కాదు. మన దేశంలో ఆ రికార్డులు కనీసం రెండేళ్లు ఉంచాలని 2021 డిసెంబరులో టెలికం లైసెన్సు నిబంధన మార్చితే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. జర్మనీలో పది వారాలు దాచాలన్న చట్టమే కోర్టు మెట్లెక్కి చతికిలబడింది. ఇది ట్యాపింగ్ గొడవ కాదు. మాటలెవరూ వినరు. ఎవరు ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు, ఏ టవర్ కింద నుంచి అన్నదే డేటా. ఉగ్రవాద కేసుల కోసం దాన్ని ఎలా అట్టిపెట్టాలన్నదే తగువు.

మొదటి దారి: అందరిదీ దాచడం

2004లో మాడ్రిడ్ రైళ్లలో, 2005లో లండన్‌లో బాంబులు పేలాక యూరోపియన్ యూనియన్ 2006లో ఒక ఆదేశం తెచ్చింది. ప్రతి కంపెనీ ప్రతి కస్టమర్ డేటానూ ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా ఉంచాలి. జర్మనీ అందులో తక్కువదైన ఆరు నెలలే పట్టుకుని 2008లో మొదలుపెట్టింది. దాదాపు 34 వేల మంది కార్ల్స్‌రూహె రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లారు. 2010 మార్చి 2న ఆ చట్టం పోయింది. 2014 ఏప్రిల్‌లో లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ న్యాయస్థానం అసలు ఆదేశాన్నే కొట్టేసింది.

ఆరు నెలల డేటా అంటే ఏమిటో గ్రీన్స్ పార్టీ నాయకుడు మాల్టె ష్పిట్జ్ కళ్లకు కట్టించాడు. తన ఫోన్ కంపెనీ మీద కేసు వేసి సొంత రికార్డులు రప్పించుకుంటే 35 వేలకు పైగా వరుసల పట్టిక వచ్చింది. ఒక్కో వరుసలో మొదలైన సమయం, ముగిసిన సమయం, కాలా, ఎస్సెమ్మెస్సా, ఇంటర్నెట్టా, టవర్ అక్షాంశ రేఖాంశాలు, యాంటెన్నా ఏ దిక్కుకు తిరిగి ఉందన్నదీ. 2011లో ఒక పత్రిక దాన్ని మ్యాపు మీదికి ఎక్కించింది. ఏ రైలెక్కాడో, ఏ రాత్రి ఏ ఊళ్లో గడిపాడో ఒక్క మాట వినకుండానే తెలిసిపోయింది. ఫోన్‌లో నెట్ ఆన్‌లో ఉంటే చాలు, మనం ఎవరికీ కాల్ చేయకపోయినా వరుసలు పడుతూనే ఉంటాయి. అసలు బరువు కాల్స్‌లో లేదు, లొకేషన్‌లో ఉంది.

2015లో చట్టం మళ్లీ వచ్చింది, ఈసారి ఒళ్లు దగ్గర పెట్టుకుని. కాల్ వివరాలు 10 వారాలు, లొకేషన్ 4 వారాలు, ఈమెయిల్ మినహాయింపు. ఇంటర్నెట్‌కు తగలని సర్వర్లలో ఉంచాలి, తెరవాలంటే ఇద్దరు ఉద్యోగులు కలవాలి. అయినా 2017 జులై 1 గడువుకు మూడు రోజుల ముందు, ఒక కోర్టు తీర్పు చూసి, అమలు కోసం పట్టుబట్టబోమని టెలికం నియంత్రణ సంస్థే చెప్పేసింది. 2022 సెప్టెంబరు 20న లక్సెంబర్గ్ అది చెల్లదంది. 2023లో జర్మనీ అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం ఆ మాటే ఖాయం చేసింది.

మరి ఉగ్రవాదం సంగతి? 2016 డిసెంబరు 19న బెర్లిన్ క్రిస్మస్ సంతలోకి లారీ తోలిన అనీస్ అమ్రీనే చూడండి. అప్పుడు 12 మంది చనిపోయారు, గాయపడిన మరొకరు ఏళ్ల తర్వాత పోయారు. అమ్రీ పోలీసులకు తెలియనివాడేమీ కాదు. ప్రమాదకర వ్యక్తుల జాబితాలో ఉన్నాడు, 14 పేర్లతో తిరిగాడు, కోర్టు అనుమతితో అతని ఫోన్ విన్నారు కూడా. చిల్లర మత్తుమందుల బేరాలు తప్ప ఏమీ దొరకలేదని సెప్టెంబరులో ఆ నిఘా ఆపేశారు. ఎనిమిది కోట్ల మంది రికార్డులు దాచి ఉంచినా ఆ నిర్ణయం మారేది కాదు.

దేశ భద్రతకు నిజమైన ముప్పు ఉంటే కొంతకాలం అందరి డేటా ఉంచవచ్చని లక్సెంబర్గ్ కోర్టు 2020 అక్టోబరు తీర్పు ఒక సందు వదిలింది. ఫ్రాన్స్ ఆ సందులోంచే దూరింది. ఏడాది పాటు ఉంచాలని 2021లో ఒక ప్రభుత్వ ఉత్తర్వు, 2022లో మరొకటి. తాత్కాలికం అన్న మాటకు ప్రభుత్వాల దగ్గర ఆయుష్షు గట్టిదే.

రెండో దారి: క్విక్ ఫ్రీజ్

2022 అక్టోబరులో అప్పటి న్యాయమంత్రి మార్కో బుష్‌మన్ ముసాయిదా ఇది. అనుమానం పుట్టగానే జడ్జి ఉత్తర్వుతో ఫలానా నంబరు డేటానో, ఘటన జరిగిన చోటి టవర్ డేటానో చెరపకుండా ఆపమని కంపెనీకి చెబుతారు. అప్పటికి పోలీసుల చేతికి ఏమీ రాదు. అది కేసుకు అవసరమని తేలాక రెండో ఉత్తర్వు తెస్తేనే కంపెనీ అప్పగిస్తుంది. 2001 నాటి బుడాపెస్ట్ సైబర్ నేరాల ఒప్పందంలోనూ 90 రోజుల దాకా ఇలా ఆపించే వీలుంది.

పేరు తెలిసిన మనిషి మీద ఉప్పందినప్పుడు ఇది చక్కగా సరిపోతుంది. 2018లో కొలోన్‌లో ఆముదం గింజల నుంచి రైసిన్ విషం తీస్తున్నవాడి విషయం విదేశీ నిఘా సంస్థల నుంచి అందింది. అలాంటివాడి నంబరు ఆ రోజే ఆపిస్తే ముందుకు జరిగేదంతా నిలుస్తుంది.

లోపం వెనక్కి చూసేటప్పుడు బయటపడుతుంది. గడ్డ కట్టించాలంటే ముందు కుండలో నీళ్లుండాలి కదా! ఏ కస్టమర్‌కు ఏ ఐపీ (ఇంటర్నెట్‌లో వాడే చిరునామా సంఖ్య) ఇచ్చారన్న సంగతి కంపెనీలు తమ అవసరానికి మహా అయితే వారం రోజులు ఉంచుతాయి, కొన్ని అదీ ఉంచవు. పదో రోజున వచ్చిన ఉత్తర్వు ఖాళీ కుండను గడ్డ కట్టిస్తుంది. 2024 నవంబరులో సంకీర్ణ ప్రభుత్వం కూలడంతో ఈ ముసాయిదా కూడా అటకెక్కింది.

మూడో దారి: ఐపీ, పోర్టు మాత్రమే

2025లో కుదిరిన కొత్త సంకీర్ణ ఒప్పందం ఐపీ చిరునామాలు, పోర్టు నంబర్లు మూడు నెలలు ఉంచాలంటోంది. లొకేషన్ లేదు, కాల్స్ లేవు. చాట్ గ్రూపులో ఊరూ పేరూ లేకుండా దాడి చేస్తానన్నవాణ్ని పట్టుకోవడానికి చాలాసార్లు ఉండే ఒకే ఆధారం ఐపీ. క్విక్ ఫ్రీజ్ చేయలేని పని ఇదే.

పోర్టు ఎందుకంటే, పాత తరహా ఐపీ చిరునామాలు చాలక కంపెనీలు ఒక్కటే చిరునామాను ఎంతోమందికి పంచుతున్నాయి. పోర్టు అంటే ఆ చిరునామాలో గది నంబరు లాంటిది. ఒక చిరునామాకు 65,536 పోర్టులు. ఇంటికి వెయ్యి చొప్పున ఇస్తే ఒకే క్షణంలో 60కి పైగా ఇళ్లు దాని వెనకే ఉంటాయి. ఐపీ, పోర్టు, సెకన్లతో సహా సమయం మూడూ సరిపోతేనే ఒక ఇల్లు తేలుతుంది. బోల్తా పడేది సమయం దగ్గరే. వెబ్‌సైటు లాగ్, అంటే ఎవరు ఎప్పుడు వచ్చారో రాసుకునే చిట్టా, యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది, బెర్లిన్ గడియారం దానికి చలికాలంలో గంట, వేసవిలో రెండు గంటలు ముందుంటుంది. ఆ తేడా సరిచూడకుండా అడిగితే, అదే పోర్టు అప్పుడు ఎవరి చేతిలో ఉందో వాళ్ల తలుపు మీద పోలీసుల దెబ్బ పడుతుంది.

మూడింట్లో మొదటిది వద్దేవద్దు. ఎక్కువ చొరబడి తక్కువ ఇస్తుంది. రెండోది, మూడోది ఒకదానికొకటి పోటీ అనుకోవడమే పొరపాటు. లొకేషన్‌కు, కాల్స్‌కు ఫ్రీజ్, పేరులేని బెదిరింపులకు ఐపీ. ఆ ఐపీకైనా మూడు నెలలు ఎక్కువే. నెల రోజులు పెట్టి, అడిగినవాళ్లకు త్వరగా జవాబిచ్చే ఏర్పాటు బలపరిస్తే పోలీసులకు అంతగా నష్టం లేదు. ఇంకో మెలిక ఉంది. చాలా వెబ్‌సైట్ల లాగ్‌లలో వచ్చినవాడి ఐపీ ఉంటుంది గానీ పోర్టు ఉండదు. సర్వర్ సెట్టింగ్‌లో దాన్ని విడిగా చేర్చాలి. అవతలివైపు ఆ ఒక్క గడి ఖాళీగా ఉంటే, ఫోన్ కంపెనీ మూడు నెలలు దాచినా మూడేళ్లు దాచినా 60 ఇళ్లూ 60 ఇళ్లుగానే మిగులుతాయి.