స్పానిష్ కారు బాడీ పదాలకు ఐఏటీఈ, యూర్‌లెక్స్: కొన్నేళ్లు వాడాక చెప్తున్నా

నెల్లూరులో ఇంటి నుంచే స్పానిష్ రిపేర్ ఎస్టిమేట్లు, ప్రమాదాల సర్వే రిపోర్టులు ఇంగ్లిష్‌లోకి మారుస్తుంటాను. ఈ పనిలో రోజూ తెరిచేవి రెండు, రెండూ యూరోపియన్ యూనియన్‌వే, పైసా కట్టక్కర్లేదు: ఐఏటీఈ అనే పదకోశం, యూర్‌లెక్స్ అనే చట్టాల సైటు. ఈ లైన్‌లోకి రావాలనుకునే మనవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నా.

మామూలు అనువాద యాప్ ఎందుకు చాలదంటే, ఎస్టిమేట్‌లో వాక్యాలే ఉండవు. పార్టు పేరు, చేసే పని, గంటలు, రేటు, అంతే. సందర్భం దొరక్క యాప్ ‘ఆలేతా’ను చేప రెక్క చేస్తుంది, ‘లూనా’ను చందమామ చేస్తుంది, ‘అపరేహో’ను ఓడ సరంజామా చేస్తుంది. కారు విషయంలో మొదటిది ఫెండర్, అంటే చక్రం పైన ఉండే రేకు, రెండోది విండో, విండ్‌స్క్రీన్‌లకు వేసే అద్దం, మూడోది పుట్టీ పని అయ్యాక రంగుకు ముందు కొట్టే సర్ఫేసర్ అనే పూత. పార్టు పేరు తప్పుగా వెళ్తే అక్కడ ఎవరిదో క్లెయిమ్ ఆగుతుంది, రిపేరు కాక బండి షెడ్డులోనే ఉండిపోతుంది. అందుకే నాకు ఇంత పట్టింపు.

యూర్‌లెక్స్‌లో నాకు బాగా నచ్చింది ఒకే చట్టాన్ని రెండు మూడు భాషల్లో పక్కపక్కన పెట్టి చూపించడం. పాదచారుల రక్షణ కోసం 2009లో తెచ్చిన 78వ నంబరు రెగ్యులేషన్ తెరవండి, ఎ పిల్లర్ (ముందు అద్దం పక్కన ఉండే స్తంభం) అంటే ఏది, బంపర్ అంటే ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అని నిర్వచనాలే ఇచ్చారు, ఎడమన స్పానిష్ కుడిన ఇంగ్లిష్ పెట్టుకుని చదివితే డిక్షనరీ పక్కన పడేయొచ్చు. వాహనాల ఆమోదం గురించిన 2018/858 కూడా అలాంటిదే, కానీ చాలా పొడుగు, ఓపిక కావాలి. ఐఏటీఈ 2007 నుంచి అందరికీ అందుబాటులో ఉంది, 24 అధికార భాషలు ఉన్నాయి. ప్రతి మాట పక్కన అది ఏ రంగానిదో, ఎంత నమ్మొచ్చో చుక్కలతో చూపిస్తారు, అవి చూడకుండా మాత్రం తీసుకోవద్దు.

ఇక్కడ దొరికే ఇంగ్లిష్ బ్రిటిష్‌ది, బానెట్, బూట్, విండ్‌స్క్రీన్, మనకు అలవాటైనవే. క్లయింటు అమెరికా వాళ్లయితే హుడ్, ట్రంక్, విండ్‌షీల్డ్ అని మీరే మార్చుకోవాలి. స్పానిష్ కూడా స్పెయిన్‌దే. అసలు చిక్కంతా అక్కడే. మనం డిక్కీ అనేదాన్ని స్పెయిన్‌లో ‘మలెతేరో’ అంటారు, మెక్సికోలో ‘కహువేలా’, అర్జెంటీనాలో ‘బావుల్’. ఇంకా ప్రమాదం, స్పెయిన్‌లో ‘సాల్పికదేరో’ అంటే డ్యాష్‌బోర్డు, మెక్సికోలో ‘సాల్పికదేరా’ అంటే ఫెండర్. చివరి అక్షరం ఒక్కటే తేడా, పార్టు మాత్రం కారు లోపల ఒకటి, బయట ఒకటి! కాగితం ఏ దేశానిదో తెలియకుండా నేను పని మొదలుపెట్టను.

చట్టాల్లో షెడ్డు మాటలు ఉండవు కదా, వాటికి స్పెయిన్‌లోని ఆవిలాలో ఉన్న సెస్విమాప్ పత్రిక చదువుతాను. మాఫ్రే బీమా సంస్థ వాళ్ల పరిశోధన కేంద్రం అది, రిపేరు పద్ధతులు ఫొటోలతో సహా వివరిస్తారు. ఫొటో చూసినా తేలకపోతే ఆటోనగర్‌లో టింకరింగ్ మేస్త్రి దగ్గరికి వెళ్తా. మొన్న ఒక బొమ్మ చూపిస్తే, "ఇది ఏప్రాన్ అన్నా, ఫెండర్ విప్పితే లోపల కనపడేది, వంగితే పుల్లింగ్ పెట్టాల్సిందే" అన్నాడు. ఏ డిక్షనరీ అంత తేటగా చెప్పదు.

నా రేటింగ్ యూర్‌లెక్స్‌కు 5కి 4, ఐఏటీఈకి మూడున్నర. మెక్సికో, అర్జెంటీనా కాగితాలే ఎక్కువ వచ్చేవాళ్లు వీటి మీదే ఆధారపడొద్దు, ఎక్సెల్‌లో సొంత పట్టిక పెట్టుకుని, ప్రతి మాట పక్కన దేశం పేరుకు ఒక కాలమ్, పార్టు ఫొటోకు ఒక కాలమ్ తప్పకుండా పెట్టుకోండి.