ఇంటి కంప్యూటర్‌కు వీమ్ ఏజెంట్ బ్యాకప్: కొన్నేళ్ల వాడకం తరువాత సమీక్ష

మా ఇంటి డెస్క్‌టాప్ కంప్యూటర్‌ను నేను కొన్నేళ్లుగా వీమ్ ఏజెంట్ ఫర్ మైక్రోసాఫ్ట్ విండోస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచిత ఎడిషన్‌తో బ్యాకప్ చేస్తున్నాను. ఈ మధ్యకాలంలో అందులోని హార్డ్ డిస్క్ పూర్తిగా పోవడంతో, ఆ బ్యాకప్ నుంచే కంప్యూటర్‌ను తిరిగి నిలబెట్టుకోవలసి వచ్చింది. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ల సమీక్షల్లో చాలామటుకు బ్యాకప్ ఎంత వేగంగా పూర్తయిందో చెప్పి ఆగిపోతాయి; డిస్క్ పోయిన రోజున ఏం జరుగుతుందన్నదే వాడేవారికి కావలసిన సంగతి గనుక, ఇక్కడ దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ఇది 2015లో వీమ్ ఎండ్‌పాయింట్ బ్యాకప్ ఫ్రీ అనే పేరుతో వచ్చి, తరువాత ఇప్పటి పేరుకు మారింది. మనం ఎంచుకున్న ఫోల్డర్లను మాత్రమే కాపీ చేసుకునే పద్ధతి ఇందులో ఉన్నా, దీని అసలు బలం మొత్తం కంప్యూటర్‌ను ఇమేజ్‌గా, అంటే విండోస్, ప్రోగ్రాములు, ఫైళ్లతో సహా డిస్క్‌కు పూర్తి నకలుగా, తీయడంలో ఉంది. విండోస్‌లోనే ఉండే వాల్యూమ్ షాడో కాపీ సర్వీస్ సాయంతో, మనం పని చేసుకుంటూ ఉండగానే ఆ క్షణంలో డిస్క్ ఎలా ఉందో అలాగే పట్టుకుంటుంది. మొదటిసారి పూర్తి కాపీ తీసి, ఆ తరువాత డిస్క్‌లో మారిన భాగాలను (బ్లాకులను) మాత్రమే చిన్న చిన్న ఫైళ్లుగా చేరుస్తుంది. విండోస్ బూట్ కావడానికి అవసరమైన ఈఎఫ్ఐ పార్టిషన్, రికవరీ పార్టిషన్ కూడా ఇందులో చేరతాయి. ఫొటోలు, పత్రాలు మాత్రమే దాచుకున్నవారికి డిస్క్ పోయాక అవి దక్కుతాయి, నిజమే. కానీ విండోస్ మళ్లీ వేసుకుని, ప్రతి ప్రోగ్రామ్‌నూ, ప్రింటర్‌నూ, ఫాంట్లనూ, బ్రౌజర్ సెట్టింగులనూ ఒక్కొక్కటిగా తిరిగి అమర్చుకునే శ్రమ ఏమీ తగ్గదు.

రోజువారీ వాడకంలో నాకు బాగా నచ్చినవి రెండు సెట్టింగులు. ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను తగిలించగానే బ్యాకప్ దానంతట అదే మొదలయ్యేలా పెట్టుకోవచ్చు. పూర్తయిన వెంటనే ఆ డిస్క్ ఎజెక్ట్ అయ్యేలా కూడా పెట్టుకోవచ్చు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ కంప్యూటర్‌లోకి జొరబడితే, తగిలించి ఉన్న ప్రతి డిస్క్‌లోని ఫైళ్లనూ ఎన్‌క్రిప్ట్ చేసేస్తుంది కాబట్టి, నిత్యం తగిలించే ఉంచిన బ్యాకప్ డిస్క్ మీద నేను నమ్మకం పెట్టుకోను. ఎన్ని రోజుల బ్యాకప్‌లు ఉంచాలో చెప్పే లెక్కలో కూడా ఆలోచన కనిపిస్తుంది: బ్యాకప్ జరిగిన రోజులనే లెక్కిస్తుంది తప్ప క్యాలెండర్ రోజులను కాదు, కనుక కొంతకాలం కంప్యూటర్ తెరవకపోయినా పాత బ్యాకప్‌లు వాటంతట అవి చెరిగిపోవు.

ఇక ఇబ్బంది పెట్టిన విషయం. గడువు దాటిన బ్యాకప్‌ను ఈ సాఫ్ట్‌వేర్ తీసి పారేయదు. అన్నిటికంటే పాతదైన మార్పుల ఫైలును మొదటి పూర్తి కాపీలోకి విలీనం చేస్తుంది. దీనివల్ల స్థలం ఆదా అవుతుంది, మళ్లీ మళ్లీ పూర్తి కాపీ తీయవలసిన అవసరమూ ఉండదు. కానీ వందల జీబీల ఫైలు మధ్యలో అక్కడక్కడ తిరగరాయడమంటే డిస్క్‌కు కష్టమైన పని. చేతిలో ఇమిడే చిన్న ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కుల్లో చాలావాటిలో ట్రాకులు ఇంటి కప్పు మీది పెంకుల్లా ఒకదాని అంచు మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి. ఈ పద్ధతిని ఎస్ఎమ్ఆర్ అంటారు. అందులో ఒక ట్రాకును మార్చాలంటే దాని పక్కవాటిని కూడా తిరిగి రాయాలి. నేను మొదట వాడిన డిస్క్ అటువంటిదే కావడంతో, కొత్త మార్పులను రాయడం త్వరగా ముగిసినా, విలీనం మాత్రం విపరీతంగా సాగేది. ఎస్ఎమ్ఆర్ కాని డిస్క్‌కు మారాక ఈ బాధ పోయింది. బ్యాకప్ కోసం డిస్క్ కొనేవారు పరిమాణం ఒక్కటే కాకుండా ఈ వివరం కూడా అడిగి తెలుసుకోవడం మంచిది.

డిస్క్ పోవడానికి ముందు సూచనలు అందాయి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ డిస్క్ ఆరోగ్యాన్ని పసుపు రంగులో చూపించడం మొదలుపెట్టింది. కారణం, డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే నమోదు చేసుకునే స్మార్ట్ లెక్కల్లో 197వ అంశం, అంటే చదవడానికి మొరాయిస్తున్న సెక్టార్ల (డిస్క్‌లోని చిన్న భాగాల) సంఖ్య, సున్నా దాటడమే. ఈ అంకె పెరుగుతున్న డిస్క్‌ను ఇక నమ్మకూడదు. ఆ తరువాతి బ్యాకప్ చదవలేని సెక్టార్ల దగ్గర ఎర్రర్‌తో ఆగిపోయింది, కానీ అంతకుముందు పూర్తయిన బ్యాకప్‌లు చెక్కుచెదరలేదు. కొత్త డిస్క్ తెచ్చేలోపే పాతదానిలోంచి టకటకమని చప్పుడు వచ్చి, విండోస్ కంటే ముందే నడిచే బయాస్ తెరలో దాని పేరు కూడా కనిపించకుండా పోయింది.

అప్పుడు పనికొచ్చినది ముందే తయారు చేసి ఉంచిన రికవరీ పెన్‌డ్రైవ్. కొత్త డిస్క్ బిగించి, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, బేర్ మెటల్ రికవరీ (ఖాళీ డిస్క్ మీదికి అంతా తిరిగి ఎక్కించడం) ఎంచుకోగానే, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోని బ్యాకప్‌లన్నీ తేదీలతో సహా వరుసగా కనిపించాయి. చివరిగా సరిగ్గా పూర్తయినదాన్ని ఎంచుకుని, మొత్తం కంప్యూటర్ కావాలని చెబితే, కొత్త డిస్క్ మీద ఏ పార్టిషన్ ఎక్కడికి వస్తుందో చూపించి పని మొదలుపెట్టింది. పూర్తయ్యాక రీస్టార్ట్ చేస్తే, డెస్క్‌టాప్ మీద ఐకాన్లు సైతం పాత చోట్లలోనే ఉన్నాయి. ఒక్క చిక్కు మాత్రం వచ్చింది. కొత్త డిస్క్ పాతదానికంటే పెద్దది కనుక చివర ఖాళీ జాగా మిగిలింది. సీ డ్రైవ్‌కూ ఆ జాగాకూ మధ్య రికవరీ పార్టిషన్ అడ్డు ఉండటంతో, విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్‌ను పెంచడం కుదరలేదు. రీస్టోర్ చేసేటప్పుడే మాన్యువల్ పద్ధతి ఎంచుకుని పార్టిషన్ల పరిమాణం మార్చుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

కొన్ని పరిమితులు వాడేవారికి తెలిసి ఉండాలి. వన్‌డ్రైవ్‌లో ఆన్‌లైన్‌లో మాత్రమే ఉంచిన ఫైళ్లు కంప్యూటర్‌లో కనిపిస్తాయే గానీ వాటి సరుకు డిస్క్ మీద ఉండదు, అందువల్ల బ్యాకప్‌లోకీ రాదు. విండోస్‌లోని డిస్క్ ఎన్‌క్రిప్షన్ అయిన బిట్‌లాకర్ పెట్టిన డ్రైవ్‌ను రీస్టోర్ చేశాక ఎన్‌క్రిప్షన్‌ను మళ్లీ ఆన్ చేసుకోవాలి. బ్యాకప్ ఫైళ్లకు విడిగా పాస్‌వర్డ్ పెట్టుకోకపోతే, ఆ డిస్క్ ఎవరి చేతికి చిక్కినా అందులోనివి చదవగలుగుతారు. ఉచిత ఎడిషన్‌లో ఒకే ఒక బ్యాకప్ జాబ్, అంటే దేన్ని, ఎక్కడికి, ఎప్పుడు బ్యాకప్ చేయాలో చెప్పే ఏర్పాటు, పెట్టుకోగలం. అందుకని ఫొటోలను, ముఖ్యమైన పత్రాలను నేను ఇంకో డిస్క్‌లోకి విడిగా కాపీ చేసి వేరే చోట ఉంచుతున్నాను. మూడు కాపీలు, రెండు రకాల సాధనాలు, ఒకటి ఇంటి బయట అనే 3-2-1 పద్ధతికి ఈ సాఫ్ట్‌వేర్ ఒక భాగాన్ని మాత్రమే తీరుస్తుంది.

విండోస్‌లోనే ఉన్న సిస్టమ్ ఇమేజ్ సౌకర్యం చాలదా అని అడిగేవారుంటారు. మైక్రోసాఫ్ట్ 2017లోనే దాన్ని ఇక అభివృద్ధి చేయబోని వాటి జాబితాలో చేర్చి, ఇతర కంపెనీల సాఫ్ట్‌వేర్ వాడుకోమని సూచించింది. డిస్క్ ఇమేజ్ తీసే క్లోన్‌జిల్లా అనే మరో సాఫ్ట్‌వేర్ ఉచితమైనది, నిక్కచ్చిగా పని చేస్తుంది, కానీ ప్రతిసారీ కంప్యూటర్‌ను ఆపి దానితో బూట్ చేయాలి. అంత ఓపిక వారం వారం ఎవరికుంటుంది?

విండోస్ వాడే ఇళ్లకు నేను ఈ సాఫ్ట్‌వేర్‌నే సూచిస్తాను. ఇన్‌స్టాల్ చేసిన రోజే రికవరీ పెన్‌డ్రైవ్ తయారు చేసి, ఒకసారి దానితో బూట్ చేసి, కీబోర్డు పని చేస్తోందా, బ్యాకప్ డిస్క్ కనిపిస్తోందా అని చూసి, రీస్టోర్ మొదలుపెట్టకుండా బయటికి రావాలి. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌కు మారినప్పుడు ఆ పెన్‌డ్రైవ్‌ను కూడా మళ్లీ తయారు చేసుకోవాలి. అప్పుడప్పుడూ పాత బ్యాకప్ ఒకటి తెరిచి, అందులోంచి ఒక ఫైలును వేరే ఫోల్డర్‌లోకి తెచ్చి, అది సరిగ్గా తెరుచుకుంటోందో లేదో చూసుకుంటే చాలు. ఇది కొద్ది నిమిషాల పని.